స్టీరింగ్ సర్వో కొనేముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి రెండేళ్ల కిందట రిమోట్‌తో నడిచే 1/10 స్కేలు షార్ట్ కోర్స్ ట్రక్కు (అసలు రేసు ట్రక్కులో పదోవంతు కొలతది) కొనిచ్చాను. వెనుక చక్రాలకు మాత్రమే మోటారు బలం అందే రకం. వరి కోతలు అయ్యాక పొలాల్లోనూ, సెలవుల్లో సూర్యలంక తీరంలోనూ నడుపుతుంటాడు. కొద్ది రోజులుగా ముందు చక్రాలు ఎడమకు సరిగ్గానే తిరుగుతున్నాయి గాని, కుడికి తిప్పితే కరకరమని శబ్దం వచ్చి మధ్యలో ఆగిపోతున్నాయి. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు డబ్బా, అంటే స్టీరింగ్ సర్వో, పోయిందని చూసినవాళ్లు చెప్పారు. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠిలో అడిగితే ఒకరు 20 కేజీల సర్వో చాలన్నారు, మరొకరు 35 కేజీలది వేస్తే ఇక ఎప్పటికీ పాడవదన్నారు. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందల రూపాయల నుంచి వేల రూపాయల దాకా ధరలు కనిపిస్తున్నాయి. దేన్ని ఎలా ఎంచుకోవాలో వివరంగా చెప్పగలరు.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఎన్ని కేజీలు అన్న ప్రశ్న దగ్గర మీరు ఆగిపోయారు. నిజానికి అది నాలుగో ఐదో చూడవలసిన సంగతి. దానికి ముందు సర్వో నిజంగానే పోయిందా, పోతే ఎందుకు పోయింది, కొత్తది మీ బండిలో కూర్చుంటుందా, దానికి కావలసిన కరెంటు మీ బండి ఇవ్వగలదా అన్నవి తేల్చుకోవాలి. వీటిని వదిలేసి కేజీలను బట్టి కొన్నవారు నెల తిరగకముందే మళ్లీ కొట్టుకు వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

ముందుగా పరీక్ష. బ్యాటరీ తీసేసి, సర్వో మీద ఉండే చిన్న చెయ్యి, అంటే హార్న్, దాని నుంచి చక్రాల వైపు వెళ్లే లింకును విప్పండి. ఇప్పుడు ముందు చక్రాలను చేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకుండా తేలికగా కదలాలి. పట్టేస్తుంటే సగం తప్పు సర్వోది కాదు, స్టీరింగ్ అమరికది. తరువాత హార్న్ స్క్రూ తీసి, హార్న్ లోపలి పళ్లు అరిగిపోయాయేమో చూడండి. ప్లాస్టిక్ హార్న్ పళ్లు అరిగితే షాఫ్టు తిరుగుతుంది, హార్న్ మాత్రం జారిపోతుంది, శబ్దం కూడా అచ్చం మీరు రాసినట్టే వస్తుంది. అదే అయితే కొత్త హార్న్‌తో పని అయిపోతుంది. హార్న్ బాగుంటే దాన్ని తిరిగి పెట్టి, కరెంటు లేకుండానే చేత్తో మెల్లగా తిప్పండి. గేర్ల బిగువు అంతటా ఒకేలా తెలియాలి. ఒకచోట బిగువు హఠాత్తుగా పోయి, మళ్లీ టక్కున పట్టుకుంటే లోపల గేరు పన్ను విరిగిందన్నమాట. ఒకవైపు బాగా తిరిగి రెండోవైపు మాత్రమే ఆగుతోందని మీరు రాసినదాన్ని బట్టి ఇదే అయివుండవచ్చని నా అంచనా. చివరగా లింకు కలపకుండానే బండిని స్టాండు మీద పెట్టి, ముందు రిమోట్, తరువాత బండి ఆన్ చేసి స్టీరింగ్ తిప్పండి. హార్న్ రెండువైపులా నున్నగా తిరిగితే సర్వో బాగున్నట్టే.

గేరు పన్ను విరిగిందని తేలితే ఆ సర్వోకు విడిగా గేర్ల సెట్టు దొరుకుతుందేమో విచారించండి. పేరున్న కంపెనీల సర్వోలకు చాలావరకు దొరుకుతుంది. అడుగున ఉండే నాలుగు పొడవాటి స్క్రూలు తీసి పైమూత ఒక్కటే లేపాలి, అడుగు మూత జోలికి పోకూడదు. గేర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకుని, విరిగిన ముక్క ఒక్కటి కూడా లోపల మిగలకుండా తుడిచి, కొత్తవి పెట్టి, కొద్దిగా గ్రీజు రాసి మూయండి. అయితే సెట్టు ధర కొత్త సర్వో ధరలో సగానికి చేరుతుంటే మాత్రం కొత్తది కొనడమే మేలు, ఎందుకంటే రెండేళ్లు వాడిన సర్వోలో మోటారు బ్రష్‌లు, స్థానాన్ని కొలిచే పొటెన్షియోమీటర్ కూడా అరిగే ఉంటాయి.

ఇక ఎందుకు పోయింది అన్నది. మీ ప్రాంతపు నల్లరేగడి తడిస్తే జిగురుగా పట్టుకుంటుంది, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. ముందు చక్రాల మధ్య ఉండి సర్వో కదలికను వాటికి చేర్చే బెల్ క్రాంక్‌లలోనూ, సర్వో సేవర్ స్ప్రింగులోనూ ఆ మట్టి చేరి బిగుసుకుపోతే రెండు నష్టాలు జరుగుతాయి. సర్వో ప్రతి మలుపులోనూ తన బలంలో సగం మట్టితో పోరాడటానికే ఖర్చు చేస్తుంది. అంతకన్నా ముఖ్యం, చక్రం గట్టుకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బను మింగవలసిన సేవర్ కదలకపోవడంతో దెబ్బ నేరుగా గేర్లకు తగులుతుంది. మోటారు సైకిలుకు షాక్ అబ్జార్బర్ ఎంతో, స్టీరింగుకు సర్వో సేవర్ అంత. అది బిగుసుకుపోయిన బండిలో ఎంత ఖరీదైన సర్వో పెట్టినా నిలవదు. కాబట్టి కొత్త సర్వో బండిలో కూర్చునే లోపల బెల్ క్రాంక్‌లు విప్పి, బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరబెట్టి, పొడిగానే బిగించండి. చిక్కటి గ్రీజు రాస్తే మరుసటి వారానికి అక్కడ మట్టి పేరుకుంటుంది.

కొలతల విషయంలో మీ తరగతి బండ్లకు పెద్ద చిక్కు లేదు. 1/10 స్కేలులో చాలావరకు స్టాండర్డ్ సైజు సర్వోలే వస్తాయి. డబ్బా పొడవు సుమారు 40 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు. తేడా వచ్చేది ఎత్తులో. కొన్ని 36 మిల్లీమీటర్లు ఉంటే కొన్ని 43 దాకా పోతాయి, లో ప్రొఫైల్ రకాలు 30 లోపే ఉంటాయి. పాత సర్వో తీశాక స్క్రూలు పట్టే చెవుల నుంచి డబ్బా పైభాగం దాకా, చెవుల నుంచి అడుగు దాకా, రెండు కొలతలూ విడివిడిగా రాసుకుని కొట్టుకు తీసుకువెళ్లండి. వైరు ఏ మూల నుంచి బయటికి వస్తుందో కూడా చూసుకోండి. బిగుతైన చోట ఛాసీ అంచు వైరును నలిపేస్తుంది.

షాఫ్టు మీది పళ్ల సంఖ్య ఇంకా ముఖ్యం. దీన్నే స్ప్లైన్ అంటారు. ఫుటాబా, సావోక్స్ వంటివాటికి 25 పళ్లు. సాన్వా, కేఓ ప్రోపో, జేఆర్ పద్ధతికి 23 పళ్లు. హైటెక్ పాత రకాలకు 24 పళ్లు, వారి కొత్త రకాల్లో 25 పళ్లవీ ఉన్నాయి. మీ బండి హార్న్ ఎన్ని పళ్లదో బండి పుస్తకంలో ఉంటుంది. 24 పళ్ల హార్న్‌ను 25 పళ్ల షాఫ్టు మీద గట్టిగా నొక్కితే ఎక్కినట్టే కనిపిస్తుంది గాని, పదిసార్లు తిరిగేలోగా హార్న్ లోపలి పళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. అలాగని ఉన్న హార్న్‌కు సరిపోవాలని మంచి సర్వోను వదులుకోనక్కరలేదు, సరైన పళ్లతో కొత్త హార్న్ తక్కువ ధరకే వస్తుంది.

ఇప్పుడు కరెంటు సంగతికి వద్దాం. దీన్ని కొట్టువాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు, అసలు ఇబ్బంది అంతా ఇక్కడే ఉంటుంది. సర్వోకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రాదు. బండి మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్‌లో ఉండే బీఈసీ అనే చిన్న విభాగం బ్యాటరీ వోల్టేజీని 5 లేదా 6 వోల్టులకు తగ్గించి రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవర్ ద్వారా సర్వోకు అందిస్తుంది. అది ఇవ్వగల కరెంటుకు హద్దు ఉంటుంది. మామూలు రెడీమేడ్ బండ్లలో అది 1 నుంచి 3 ఆంపియర్ల మధ్యే. స్పీడ్ కంట్రోలర్ కాగితం మీద బీఈసీ అన్నచోట వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి, ఆ రెండు అంకెలు దొరికేదాకా సర్వో కొనకండి. సర్వో కాగితం మీద స్టాల్ కరెంట్ అని ఉండే అంకె, అంటే చక్రం కదలకుండా ఆగిపోయినప్పుడు సర్వో లాగే కరెంటు, బీఈసీ ఇవ్వగలదానికి మించకూడదు. వోల్టేజీలో కూడా ఇదే జాగ్రత్త. 6 వోల్టుల వరకే అని ఉన్న సర్వోను 7.4 వోల్టుల బీఈసీకి తగిలిస్తే కాలిపోతుంది. 8.4 వోల్టుల వద్ద 25 కేజీలు అని రాసిన సర్వోను మీ 6 వోల్టుల బండిలో పెడితే దానికి దక్కే బలం సుమారు 18 కేజీలే, ఎందుకంటే మోటారు బలం దాదాపు వోల్టేజీతో పాటే పెరుగుతుంది, తరుగుతుంది.

అప్పుడు కేజీల లెక్క. కొట్టులో 20 కేజీలు అన్నది నిజానికి 20 కేజీ-సెంటీమీటర్లు. షాఫ్టు మధ్య నుంచి సెంటీమీటరు దూరంలో 20 కేజీల బరువును పట్టి ఆపగలదని అర్థం. అదే హార్న్‌లో రెండో సెంటీమీటరు దగ్గరి రంధ్రానికి లింకు తగిలిస్తే ఆ బలం 10 కేజీలకు దిగుతుంది, దానికి బదులు చక్రం మరింత దూరం, మరింత వేగంగా తిరుగుతుంది. పోలిక కోసం చెప్పాలంటే, చాలాకాలంగా ప్రామాణికంగా నిలిచిన ఫుటాబా ఎస్3003 సర్వో బలం 6 వోల్టుల వద్ద 4.1 కేజీలు మాత్రమే. దానితోనే తేలికైన రోడ్డు కార్లు ఎన్నో నడిచాయి. మీది రెండు కేజీలకు అటూఇటూ బరువున్న ట్రక్కు, పెద్ద టైర్లు, పొలం గట్లు. 6 వోల్టుల వద్ద నిజమైన 9 నుంచి 15 కేజీలు దానికి సరిపోతాయి. నాలుగు చక్రాలకూ బలం అందే 1/8 బగ్గీకి 15 నుంచి 25, రాళ్లెక్కే క్రాలర్‌కు 20కి పైన కావాలి. 35 కేజీలు మీ ట్రక్కుకు లాభం చేయకపోగా కీడు చేస్తాయి. సేవర్ స్ప్రింగు ఎంత పట్టుకోగలదో అంత బలమే చక్రాలకు చేరుతుంది, ఆపైది స్ప్రింగును వంచడానికే పోతుంది. ఆ స్ప్రింగును బిగిస్తే అప్పుడు దెబ్బ ప్లాస్టిక్ బెల్ క్రాంక్‌కు తగులుతుంది. బీఈసీ మీద భారం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

వేగం అన్న అంకె 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సెకన్లు. 0.17 అంటే నిదానం, 0.10 అంటే చురుకు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. మధ్య నుంచి 45 డిగ్రీలు తిరగడానికి 0.17 సర్వో తీసుకునే సమయానికి, 0.10 సర్వో తీసుకునే సమయానికి ఉన్న తేడాలో ఆ బండి అర మీటరుకు పైగా ముందుకు పోతుంది. పందెంలో అది చాలా దూరం. పొలంలో ఆడుకునే పిల్లవాడికి 0.17 చాలు, ఆ డబ్బును నీటి రక్షణ మీద పెట్టండి.

అట్ట మీద అంకెలను ఎంతవరకు నమ్మాలి? చౌక సర్వోల మీద బలం, వేగం రెండూ ఆకాశాన్ని అంటుతుంటాయి. వాటిని ఇంట్లోనే లెక్క వేసి నిగ్గు తేల్చవచ్చు. బలాన్ని 0.098తో గుణిస్తే న్యూటన్-మీటర్లు వస్తాయి. 1.047ను 60 డిగ్రీల సమయంతో భాగిస్తే తిరిగే వేగం వస్తుంది. ఈ రెంటినీ గుణించి నాలుగుతో భాగిస్తే ఆ సర్వో బయటికి ఇవ్వగల గరిష్ఠ శక్తి వాట్లలో తెలుస్తుంది. 6 వోల్టుల వద్ద 35 కేజీలు, 0.10 సెకను, స్టాల్ కరెంటు 1 ఆంపియరు అని ఒక అట్ట మీద ఉందనుకోండి. బయటికి వచ్చే శక్తి సుమారు 9 వాట్లని లెక్క తేలుతుంది. లోపలికి వెళ్లేది మాత్రం 6 వోల్టులు ఇంటూ 1 ఆంపియరు, అంటే ఎంత పోయినా 6 వాట్లే. లోపలికి వెళ్లినదానికన్నా బయటికి ఎక్కువ రావడం జరగని పని, కాబట్టి ఆ మూడు అంకెల్లో కనీసం ఒకటి అబద్ధం. దీనికి ఎదురుగా మన కొట్లలో విరివిగా దొరికే ఎంజీ996ఆర్ రకాన్ని చూడండి. దాని కాగితం 6 వోల్టుల వద్ద 11 కేజీలు, 0.14 సెకను, 2.5 ఆంపియర్లు అంటుంది. లెక్క వేస్తే బయటికి వచ్చేది 2 వాట్లు, స్టాల్‌లో లోపలికి వెళ్లేది 15 వాట్లు. ఇది నమ్మదగిన పొంతన. అయితే ఆ పేరుతో ఎందరో తయారు చేస్తున్నందున ప్రతి ముక్కా ఆ కాగితానికి తగ్గట్టు ఉంటుందని మాత్రం చెప్పలేము. కొన్నిటిలో చక్రాలు మధ్యకు వచ్చి కచ్చితంగా నిలవవు, బండి కాసేపు ఎడమకు, కాసేపు కుడికి లాగుతుంది. అత్యవసరానికి వాడుకోవచ్చు, శాశ్వతంగా కాదు.

కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో సర్వోలను ఎక్కువగా కొనేది రోబో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు. అక్కడ కొనేటప్పుడు తిరిగే కోణం తప్పక అడగండి. మీ రిమోట్ రిసీవర్ ద్వారా సర్వోకు పంపేది సెకనుకు సుమారు 50 చొప్పున చిన్న విద్యుత్ స్పందనలు. స్పందన నిడివి 1.5 మిల్లీసెకన్లయితే సర్వో మధ్యలో నిలుస్తుంది, 1 అయితే ఒక చివరకు, 2 అయితే రెండో చివరకు వెళుతుంది. 180 డిగ్రీల సర్వోకు ఈ 1 నుంచి 2 లోపల దాదాపు 90 డిగ్రీల కదలిక వస్తుంది, అది స్టీరింగుకు సరిగ్గా సరిపోతుంది. 270 డిగ్రీల రకంలో అదే స్పందనకు దాదాపు 135 డిగ్రీలు తిరుగుతుంది. రిమోట్ చక్రాన్ని కొంచెం కదిలిస్తే బండి గిర్రున తిరిగిపోతుంది, పైగా హార్న్ వెళ్లి ఛాసీకి ఆనుకుని మోటారు వేడెక్కుతుంది. 360 డిగ్రీలు ఆగకుండా తిరిగే రకం అయితే స్టీరింగుకు అసలు పనికిరాదు, అది స్థానాన్ని కాక వేగాన్ని మాత్రమే పాటిస్తుంది. డబ్బాలు మూడూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి.

గేర్లు లోహానివి తీసుకోండి. మీ వాడకానికి నైలాన్ గేర్లు ఆగవు. లోపలి మోటారు మామూలుదా, కోర్‌లెస్‌దా, బ్రష్‌లెస్‌దా అన్నది మీ అవసరానికి రెండో విషయం. నీటి రక్షణకు ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని అర్థం, కాని ఆ పరీక్ష మంచినీటితో చేసేది. సూర్యలంకలో ఉండేది ఉప్పునీరు, దానితో పాటు సన్నని ఇసుక. షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగును ఇసుక కోసేస్తుంది, ఉప్పు స్క్రూలను, బేరింగులను తినేస్తుంది. అబ్బాయిని తీరానికి తీసుకువెళ్లడం మానమని అనను. అలలు తాకే తడి ఇసుకకు దూరంగా నడపమనండి, ఇంటికి వచ్చిన రోజే తడిగుడ్డతో ఉప్పు తుడిచి ఆరబెట్టండి.

ఇన్ని చెప్పాక ఒక్క మాటలో మీకు కావలసినది: స్టాండర్డ్ సైజు, మీ హార్న్‌కు సరిపడే స్ప్లైన్, 6 వోల్టుల వద్ద 9 నుంచి 15 కేజీలు, 0.17 లేదా అంతకన్నా చురుకు, లోహపు గేర్లు, నీటి రక్షణ, మీ బీఈసీ మోయగల స్టాల్ కరెంటు. ఉదాహరణకు సావోక్స్ ఎస్‌డబ్ల్యూ-0231ఎంజీ ఈ వరసలోదే, 6 వోల్టుల వద్ద 15 కేజీలు, 0.17 సెకను, 25 పళ్లు, నీటి రక్షణ ఉన్నది. అయితే ఆ బలానికి తగినంత కరెంటు కూడా లాగుతుంది, కనుక చిన్న బీఈసీ అయితే 9 కేజీల తరగతిలోదే తీసుకోండి. మీ బండి కంపెనీయే అమ్మే అసలు సర్వో లోహపు గేర్లతో దొరికితే, కొలతలూ స్ప్లైనూ వెతుక్కునే శ్రమ లేకుండా దాన్నే తెచ్చుకోవచ్చు.

బిగించేటప్పుడు తొందరపడకండి. సర్వోను రిసీవర్‌కు కలిపి, రిమోట్‌లో స్టీరింగ్ ట్రిమ్ (మధ్య స్థానాన్ని సరిచేసే మీట) సున్నా మీద పెట్టి, ఆన్ చేయండి. సర్వో తనంతట తాను మధ్యకు వచ్చి ఆగాక, లింకుకు లంబంగా ఉండేలా హార్న్ ఎక్కించండి. అప్పుడే లోహపు హార్న్ స్క్రూకు నీలం రంగు థ్రెడ్ లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి, ప్లాస్టిక్‌కు మాత్రం అది తగలనివ్వకండి, ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. చక్రాలు వ్యతిరేక దిశలో తిరిగితే కంగారుపడనక్కరలేదు, రిమోట్ మీది రివర్స్ మీట నొక్కితే సరిపోతుంది. చివరగా చక్రాలను ఒక చివరకు తిప్పి పట్టుకుని వినండి. ఝుమ్మని శబ్దం ఆగకుండా వస్తుంటే సర్వో ఆగవలసిన చోటు దాటి నెడుతోందని అర్థం. రిమోట్‌లో ఎండ్ పాయింట్, అంటే స్టీరింగ్ ఒక్కోవైపు ఎంతదాకా తిరగాలన్న సర్దుబాటు, ఉంటే శబ్దం ఆగేదాకా తగ్గించండి, అది లేని రిమోట్లలో డ్యుయల్ రేట్, అంటే స్టీరింగ్ మొత్తం తిరిగే మేర, తగ్గించండి. రెండు చివర్లకూ ఈ పని చేయండి. కొత్త సర్వోలు కాలిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే మొదటిది.

ప్రశ్న: ఇక్కడ వారాంతాల్లో స్నేహితులతో కలిసి 1/10 రాక్ క్రాలర్ నడుపుతుంటాను. ఈమధ్య అసలు సర్వో తీసేసి 25 కేజీలది వేశాను. మామూలుగా బాగానే ఉంది. ముందు చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పితే మాత్రం బండి మొత్తం ఒక్క క్షణం చచ్చిపోయి మళ్లీ లేస్తోంది. సర్వో లోపమా? వెనక్కి పంపమంటారా?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: పంపకండి, సర్వోలో లోపం ఉన్నట్టు లేదు. చక్రం ఇరుక్కున్నప్పుడు సర్వో స్టాల్ అయి నాలుగైదు ఆంపియర్లు లాగడానికి ప్రయత్నిస్తుంది, బీఈసీ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, అదే తీగ మీద బతికే రిసీవర్ ఆగిపోతుంది. సర్వో వదిలేయగానే వోల్టేజీ లేచి రిసీవర్ మళ్లీ పని మొదలుపెడుతుంది. బ్రౌన్ అవుట్ అనేది ఇదే. క్రాలర్ మెల్లగా పోయే బండి కనుక మీకు పెద్ద నష్టం జరగలేదు, వేగంగా పోయే బండిలో అయితే ప్రమాదం.

రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చోట పెద్ద కెపాసిటర్ తగిలించమని కొందరు సలహా ఇస్తారు. అది రెప్పపాటు కుదుపులను భరిస్తుంది గాని, రాళ్ల మధ్య రెండు మూడు సెకన్లు పట్టి ఉంచే మీ సందర్భంలో చాలదు. మీకు కావలసింది విడిగా ఒక బీఈసీ, 10 ఆంపియర్ల తరగతిలోది. దాని ఇన్‌పుట్‌ను బ్యాటరీ తీగలకు కలిపి, అవుట్‌పుట్‌ను మీ సర్వో తట్టుకునే వోల్టేజీకి పెట్టుకోండి. రిసీవర్ కూడా ఆ వోల్టేజీని తట్టుకునేదైతే అవుట్‌పుట్‌ను రిసీవర్‌కే ఇవ్వవచ్చు. అప్పుడు స్పీడ్ కంట్రోలర్ నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్‌లోని మధ్య ఎర్ర తీగ పిన్నును తీసి, టేపు చుట్టి పక్కన పెట్టాలి, లేకుంటే రెండు బీఈసీలు ఒకదానితో ఒకటి తలపడతాయి. రిసీవర్ తట్టుకోలేనిదైతే ఎర్ర తీగను కదపకండి. సర్వో ఎర్ర తీగను మాత్రం రిసీవర్ నుంచి వేరు చేసి కొత్త బీఈసీకి కలిపి, సిగ్నల్ తీగను రిసీవర్‌కు ఇచ్చి, నెగటివ్ తీగను రెంటికీ ఉమ్మడిగా ఉంచండి. ఆ ఉమ్మడి నెగటివ్ లేకపోతే సిగ్నల్ పనిచేయదు.

ప్రశ్న: టమియా కంపెనీ టీటీ-02 రిమోట్ కారు కిట్ కట్టుకుని కాలనీ రోడ్ల మీద నడుపుతున్నాను. స్టీరింగ్ వదులుగా అనిపిస్తోంది. సర్వో మార్చి అల్యూమినియం హార్న్ వేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: హార్న్ విషయంలో ఆగండి. ఆ కిట్‌లో సర్వో సేవర్ వేరే చోట లేదు, సర్వో షాఫ్టు మీద ఎక్కేదే సేవర్. దాన్ని తీసి ఒట్టి అల్యూమినియం హార్న్ వేస్తే స్టీరింగ్ బిగువు వస్తుంది, అయితే కాలిబాట అంచుకు చక్రం తగిలిన మొదటి దెబ్బకే సర్వో గేర్లు పోతాయి. మీరు వదులు అంటున్నది చాలావరకు కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ సేవర్ సాగడం వల్లనే వస్తుంది. టమియా వారే 51000 నంబరుతో హై టార్క్ సర్వో సేవర్ అమ్ముతారు, గట్టి స్ప్రింగులున్నది. ముందు దాన్ని వేసి చూడండి. ఉన్న సర్వో 6 వోల్టుల వద్ద 5 కేజీలకు పైన ఇచ్చేదైతే ఆ తేలికపాటి కారుకు దాన్ని మార్చవలసిన పనే ఉండకపోవచ్చు.

ప్రశ్న: మా పాపకు కొన్న 1/18 చిన్న కారులో సర్వో పోయింది. విప్పి చూస్తే దానికి ఐదు తీగలు ఉన్నాయి. బజారులో అన్నీ మూడు తీగలవే. కలపడం ఎలా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కలపలేమండి. మూడు తీగల సర్వోలో సిగ్నల్‌ను అర్థం చేసుకుని మోటారును నడిపే సర్క్యూట్ దాని లోపలే ఉంటుంది. మీ కారులో ఆ సర్క్యూట్ రిసీవర్ బోర్డు మీద ఉంది, సర్వోలో ఉన్నవి మోటారు, గేర్లు, పొటెన్షియోమీటర్ మాత్రమే. ఐదింటిలో రెండు తీగలు మోటారువి, మూడు పొటెన్షియోమీటర్‌వి. మూడు తీగల సర్వో పెట్టాలంటే రిసీవర్, స్పీడ్ కంట్రోలర్, రిమోట్ కూడా మార్చాలి, ఖర్చు కొత్త కారుకు దగ్గరవుతుంది. కారు మోడల్ నంబరుతో వెతికి అదే ఐదు తీగల సర్వోను తెప్పించుకోండి, వీలైతే రెండు తెప్పించుకోండి, ఎందుకంటే చిన్న కార్ల విడిభాగాలు మోడల్ మారగానే దొరకడం మానేస్తాయి. కొత్తది కలిపేముందు పాతదాని ఐదు తీగల రంగులను, ప్లగ్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసి ఉంచుకోండి. మోటారు రెండు తీగలు తారుమారైతే సర్వో మధ్యలో ఆగకుండా ఒక చివరకు వెళ్లి అక్కడే నెడుతూ ఉంటుంది. అలా జరిగితే వెంటనే ఆఫ్ చేసి ఆ రెంటినీ మార్చి కలపండి.